జంట గొట్టాల తుపాకీ: మూడింటిలో నా భుజానికి ఏది వాటం?

సోమశిల_రైతు

అందరికీ నమస్కారం. మాది ఆత్మకూరు దగ్గర పల్లె. మా నాన్నగారి డబుల్ బ్యారెల్ లైసెన్సును నా పేరుకు మార్చుకునే పని మొదలుపెట్టాము. ఆయనకు 74 ఏళ్ళు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 నిండినా, తుపాకీ చేతికి వచ్చి 25 ఏళ్ళు గడిచినా వారసుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాబట్టి ఆ తలనొప్పి కలెక్టరేట్‌లో తేలుతుంది, దానికి సలహా అడగడం లేదు.

అడిగేది తుపాకీ గురించే. ఇంట్లో ఉన్నది వెబ్లీ అండ్ స్కాట్, 12 బోర్, రెండు ట్రిగ్గర్లు. తాతగారు 1950ల చివర్లో మద్రాసులో కొన్నారు. ఇంగ్లండు సరుకు అని ఊళ్ళో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నేను భుజానికి ఎత్తితే మాత్రం నా బొటనవేలు నా ముక్కుకే తగులుతుంది. దీన్ని ఇచ్చేసి వేరేది తీసుకుందామా అని ఆలోచన. నెల్లూరులో ఒక డీలరు దగ్గర ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ కొత్త డబుల్ బ్యారెల్ ఉంది. ఒంగోలులో ఒక పెద్దాయన స్పెయిన్ తుపాకీ అమ్ముతానంటున్నారు. ఆయా (AYA) కంపెనీ నంబర్ 4, ఒకే ట్రిగ్గర్, పిస్టల్ పట్టు (కిందికి వంపు తిరిగిన చేతిపట్టు).

వేటకు కాదు. నిమ్మతోట మధ్యలో ఒంటరి ఇల్లు మాది. పైగా మా బావమరిది హైదరాబాద్‌లో క్లే షూటింగ్‌కు, అంటే ఎగరేసిన మట్టిపళ్ళేలను కాల్చే ఆటకు, తీసుకెళ్ళి అలవాటు చేశాడు. అక్కడ వాళ్ళ తుపాకీతోనే కాల్చాను, పైన ఒకటి కింద ఒకటి గొట్టాలు ఉండేది. నాకు పక్కపక్కన ఉండే గొట్టాలే ఇష్టం. కారణం అడగకండి, చిన్నప్పటి నుంచి చూసింది అదే.

ఒంగోలు_గిత్త

మూడు సంబంధాలు చూశారు గానీ జాతకాలు చెప్పలేదు. మీ ఎత్తు ఎంత? ఇంటి తుపాకీ బరువు ఎంత? గొట్టాల పొడవు? మీ బలమైన కన్ను ఏది? ఇవి తెలియకుండా ఎవరు ఏం చెప్పినా అది వాళ్ళ తుపాకీ గురించి చెప్పుకోవడమే.

కండలేరు_కాలువ

కొత్తది కొనండి. ఇంగ్లీషు తుపాకీ మోజు మనకు ఎప్పుడు వదులుతుందో! నా దగ్గర ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ డబుల్ బ్యారెల్ 11 ఏళ్ళుగా ఉంది. ఒక్కసారి కూడా మొరాయించలేదు. గొట్టంలో ఇప్పటి తూటాలకు సరిపోయే గది, దొరికే విడిభాగాలు, కొన్న రసీదు. ఇంకేం కావాలి?

ఒంగోలు_గిత్త

కాలువ అన్నా, మీ తుపాకీ నేను ఎత్తి చూశాను. అది తుపాకీ కాదు, గడ్డపార.

కండలేరు_కాలువ

గడ్డపార అన్నందుకు బాధ లేదు తమ్ముడూ. దాన్ని ఏ వానలో వదిలేసినా మర్నాడు పనికి వస్తుంది.

సరే, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మూడున్నర కిలోలకు కాస్త తక్కువ. బరువంతా ముందుకే ఉంటుంది, ఎడమచేతి మీద పడుతుంది. మొదటి రెండేళ్ళు మోకాలి మీద పెట్టి విరిస్తే గానీ తెరుచుకునేది కాదు. వెనక ట్రిగ్గర్ ముందుదానికంటే బిగువు. చెక్క లావు, చేయి చిన్నగా ఉన్నవాళ్ళకు పట్టు చిక్కదు. అయితే ఆ ముందు బరువే ఒక మేలు చేస్తుంది. ఎగిరే మట్టిపళ్ళెం వెంట ఒకసారి తిప్పడం మొదలుపెడితే మధ్యలో ఆగదు, దానంతట అదే సాగుతుంది. తేలిక తుపాకీతో కాల్చేవాళ్ళు చేసే పెద్ద తప్పు ట్రిగ్గర్ నొక్కే క్షణంలో చేయి ఆపేయడం. నా గడ్డపార నన్ను ఆ తప్పు చేయనివ్వదు.

పలకల_ఊరు

ఆలస్యంగా చూశాను, మన్నించండి. మార్కాపురంలో రెండు రోజులుగా కరెంటు వస్తూ పోతూ ఉంది.

సోమశిల గారూ, బొటనవేలు ముక్కుకు తగలడం తుపాకీ తప్పు కాదు. మీ తాతగారు మీకంటే పొట్టి, అంతే. ట్రిగ్గర్ నుంచి మడమ (భుజానికి ఆనే చెక్క వెనక భాగం) చివరి వరకు ఉండే పొడవును బట్టి తుపాకీ మనిషికి కుదురుతుంది. రెండు ట్రిగ్గర్లు ఉంటే ముందు ట్రిగ్గర్ నుంచి కొలవాలి. ఇంగ్లండు నుంచి వచ్చేవి సాధారణంగా 14¼ నుంచి 14½ అంగుళాలు ఉండేవి. మన వైపు చాలామంది అర అంగుళం, ముప్పావు అంగుళం కోయించేవారు. మడమ చివర చెక్క గీతలు ఒక్కసారిగా తెగినట్టు ఉండి, పాత గీతల నగిషీ లేకపోతే అది కోసినదే. భుజానికి ఎత్తినప్పుడు బొటనవేలి మొదలుకూ ముక్కుకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి.

ఇక అసలు విషయం. ఇది చూడకుండా మిగతా లెక్కలు వేయకండి. గొట్టాలు విడదీసి, అడుగున తుపాకీ ఒంట్లో కూర్చునే చదునైన భాగం చూడండి. అక్కడ ముద్రలు ఉంటాయి. కిరీటం కింద బి.ఎన్.పి. అని ఉంటే బర్మింగ్‌హాం ప్రూఫ్ హౌస్‌లో పొగలేని మందుకు, అంటే ఇప్పటి తూటాల్లో వాడే తుపాకీమందుకు, పరీక్షించారని అర్థం. ఆ ముద్ర 1954 నుంచి వాడుకలోకి వచ్చింది, మీ తాతగారు కొన్న కాలానికి సరిపోతుంది. పక్కన 2½ (తూటా గది పొడవు, అంగుళాల్లో) అనీ 3 టన్నులు (ఒత్తిడి లెక్క) అనీ ఉందా? ఉంటే తూటా గది 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు అమ్మే తూటాల్లో చాలావరకు 70.

చాలామంది పొరబడేది ఇక్కడే. 70 మిల్లీమీటర్ల తూటా ఆ గదిలోకి చక్కగా దూరుతుంది, తలుపూ మూసుకుంటుంది. ఎందుకంటే పేల్చని తూటా మూతి ముడుచుకుని ఉంటుంది, కాబట్టి పొట్టిగా కనిపిస్తుంది. పేల్చినప్పుడు ఆ ముడుపు విచ్చుకుని ముందున్న సన్నని గొట్టంలోకి చొచ్చుకుపోతుంది. దారి ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. 60 ఏళ్ళ తుపాకీకి అది మంచిది కాదు. పెట్టె మీద రాసిన పొడవు పేల్చిన తరువాతి పొడవు అని గుర్తుంచుకోండి.

సోమశిల_రైతు

మాస్టారూ, వెళ్ళి చూసి వచ్చాను. బి.ఎన్.పి. ఉంది, 2½ ఉంది, 3 టన్నులు ఉంది. .729 అని కూడా ఉంది, అదేమిటి?

పలకల_ఊరు

గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో. ఒక పౌండు సీసాన్ని సరిగ్గా 12 సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు వ్యాసం అంత వస్తుంది. 12 బోర్ అనే పేరు దానివల్లనే. ఇప్పుడు ఒక గన్‌స్మిత్ దగ్గర మళ్ళీ కొలిపించండి. లోపల తుప్పు పట్టి ఎవరైనా సాన పట్టి ఉంటే ఆ అంకె పెరిగి ఉంటుంది. లోపల అరిగితే గోడ పలచబడినట్టు.

ఉదయగిరి_కోట

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా ముత్తాత తుపాకీ ఒకటి ఉంది, గొట్టాల మీద పాము చర్మంలా చారలు. అప్పట్లో నల్లమందుతో కాల్చేవారట. ఇప్పటి తూటాలు వేయవచ్చా?

పలకల_ఊరు

నల్లమందు అన్నారంటే ఎక్సైజు వాళ్ళు వస్తారు! నల్ల తుపాకీమందు అనండి.

ఆ చారలు డమాస్కస్ గొట్టాలవి. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, చుట్టి, అతికి చేసేవారు. అతుకుల మధ్య తుప్పు ఎంత దూరం పాకిందో పైకి కనిపించదు. పొగలేని మందుకు పరీక్షించిన ముద్ర లేకుండా అందులో ఒక్క తూటా కూడా వేయవద్దు. లైసెన్సు మాత్రం దానికీ ఉండాలి, గోడకు వేలాడదీసినా సరే.

పెంచలకోన_వాసి

మా పొలాల్లో అడవి పందులు వేరుశనగ తవ్వేస్తున్నాయి. ఈ మూడింటిలో పందికి ఏది బాగుంటుంది?

నిర్వాహకుడు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా అడవి పందిని కాల్చడం నేరం, తుపాకీకి లైసెన్సు ఉన్నా సరే. పంట నష్టానికి అటవీశాఖలో దరఖాస్తు పెట్టండి. ఈ చర్చలో వేట మాటలు వద్దు. దయచేసి తుపాకీ వాటం దగ్గరకు రండి.

ఎడమచేతి_వాటం

నా పేరు చూసే ఉంటారు. వాటం అన్న మాటకు నాకంటే పెద్ద బాధితుడు ఎవరూ లేరు. కుడిచేతి వాళ్ళకు చేసిన తుపాకీ మడమ కొద్దిగా కుడివైపుకు వంగి ఉంటుంది, గొట్టాల గీత కుడి కంటి కిందకు రావడానికి. నేను ఎత్తితే ఆ వంపు నా చెంపను గీత నుంచి బయటకు నెడుతుంది. మూడేళ్ళు ఎందుకు గురి తప్పుతున్నానో తెలియక తూటాలను తిట్టాను. చివరికి కిటికీ ఊచకు గురిపెట్టి కళ్ళు మూసి, ఎత్తి, తెరిచి చూస్తే నాకు కనిపించింది గొట్టాల పక్క గోడ.

సోమశిల అన్నా, మీరు కుడిచేతివారైనా ఈ పని చేయండి. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోండి. గోడ మీద ఒక చుక్క ఎంచుకోండి. కళ్ళు మూసి, సహజంగా భుజానికి ఎత్తి, తెరవండి. గొట్టాల మధ్య పట్టీ మీదుగా చుక్క కనిపిస్తే మీదే. పట్టీ పొడవంతా కొండ ఎక్కుతున్నట్టు కనిపిస్తే మడమ ఎత్తు ఎక్కువ, గుళ్ళు పైకి వెళ్తాయి. తుపాకీ వెనక భాగం తప్ప ఏమీ కనిపించకపోతే మడమ దిగువ.

ఒంగోలు_గిత్త

ఈ చుక్క పరీక్ష డీలరు కొట్లో చేస్తే నవ్వుతారు. నవ్వనివ్వండి. చెప్పుల కొట్లో నడిచి చూడకుండా కొంటామా?

సోమశిల_రైతు

కొలతలు తెచ్చాను. నా ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. కుడి కన్నే బలం. నాన్న 5 అడుగుల 3. ఇంటి తుపాకీ గొట్టాలు 28 అంగుళాలు, ట్రిగ్గర్ నుంచి మడమ చివరికి 13¾. ధాన్యం కాటా మీద పెడితే 2.95 కిలోలు. చెక్క పట్టు తిన్నగా ఉంది, పిస్టల్ పట్టు లేదు. కీలు దగ్గర వేలు పెట్టి నిలబెడితే త్రాసులా నిలిచింది, మా పాప చప్పట్లు కొట్టింది.

నిన్న డీలరు దగ్గర కొత్తది కూడా ఎత్తాను. కాలువ అన్న చెప్పింది అక్షరాలా నిజం. పది సార్లు ఎత్తేసరికి ఎడమ భుజం పట్టేసింది. పొడవు మాత్రం నాకు సరిపోయింది.

పలకల_ఊరు

మీ ఇంటి తుపాకీ జాతకం బాగుంది. గ్రీనర్ అనే ఇంగ్లండు తుపాకుల తయారీదారు చెప్పిన పాత లెక్క ఒకటి ఉంది. తుపాకీ బరువు తూటాలోని గుళ్ళ బరువుకు 96 రెట్లు ఉండాలి, అప్పుడే వెనక్కి తన్నేది ఒంటికి ఓర్చుకునేలా ఉంటుంది. 28 గ్రాముల గుళ్ళకు 2.69 కిలోలు చాలు. 32 గ్రాములకు 3.07 కావాలి. మీది 2.95. అంటే 28కి హాయి, 32కి సాయంత్రానికి భుజం నలుపు. ట్రాప్ పోటీల్లో (మట్టిపళ్ళేలను కాల్చే పోటీలు) ఇప్పుడు 24 గ్రాములకు మించి వాడనివ్వరు, కాబట్టి రేంజి తూటాలు తేలికైనవే. అయితే తేలిక కదా అని మోసపోకండి, ఆ 24 గ్రాముల తూటాలు కూడా చాలావరకు 70 మిల్లీమీటర్ల గొట్టంలోనే వస్తాయి. మీరు 65వి అడిగి తెప్పించుకోవాలి.

ఇక తిన్నని చెక్క పట్టు అందం కోసం పెట్టింది కాదు. రెండు ట్రిగ్గర్ల తుపాకీలో ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానికి, వెనకది ఎడమ గొట్టానికి. మొదటి దెబ్బ తరువాత చేయి ముప్పావు అంగుళం వెనక్కి జారాలి. పిస్టల్ పట్టు ఉంటే చేయి అక్కడే ఇరుక్కుంటుంది, వేలు మాత్రమే వెనక్కి వంగుతుంది. తిన్నని పట్టు మీద చేయంతా జారుతుంది. వారం రోజులు ఖాళీ తుపాకీతో, ఉత్తుత్తి తూటాలు వేసి సాధన చేయండి. తరువాత ఆలోచించకుండానే జారుతుంది.

కుడి గొట్టం మూతి వదులుగా, ఎడమది బిగువుగా ఉండటం కూడా అందుకే. పళ్ళెం దగ్గరగా ఉన్నప్పుడు మొదటిది, దూరమయ్యాక రెండోది. రెండు ట్రిగ్గర్లు ఉంటే ఏది ముందు కావాలో ఆ క్షణంలో వేలే తేల్చుకుంటుంది. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో ఫుల్ చోక్ (బాగా బిగువైన మూతి) అయితే 70 శాతం గుళ్ళు పడతాయి, బిగువు లేని గొట్టం అయితే 40 శాతమే.

కండలేరు_కాలువ

మాస్టారు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ పక్కపక్క గొట్టాల తుపాకీ పేలినప్పుడు మూతి కొద్దిగా కిందికి వంగుతుంది, పైన-కింద గొట్టాలదానిలో అంత ఉండదు. అందుకే ట్రాప్ పోటీల్లో ఇప్పుడు ఎవరి చేతిలోనూ మనవి కనిపించవు. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ వెండి పతకం తెచ్చిన డబుల్ ట్రాప్‌లో కూడా అంతే. పతకం కావాలంటే పక్కపక్క గొట్టాలు వద్దు.

సోమశిల_రైతు

అన్నా, నాకు 44 ఏళ్ళు. పతకం సంగతి మా అమ్మాయి చూసుకుంటుంది.

ఒంగోలు_గిత్త

ఆ స్పెయిన్ తుపాకీ ఎప్పుడు చూస్తారు? చూసేటప్పుడు ఒక పని చేయండి. గొట్టాలు విడదీసి, కింద కొక్కెంలో దారం వేసి వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టండి. గుడి గంటలా సాగాలి. చిల్లపడిన కుండలా మోగితే రెండు గొట్టాలను కలిపే పట్టీ ఎక్కడో విడిపోయినట్టు.

సోమశిల_రైతు

ఆదివారం వెళ్ళి వచ్చాను. పెద్దాయన చాలా మర్యాదస్థులు, కాఫీ ఇచ్చి గంట కూర్చోబెట్టారు. ఆయన ఎదురుగానే చూశాను.

ఎత్తగానే ప్రాణం లేచి వచ్చింది. పొడవు సరిపోయింది. పట్టీ మీదుగా చుక్క కనిపించింది. ఎజెక్టర్లు ఉన్నాయి, తెరిస్తే ఉత్తుత్తి తూటాలు రెండూ బయటకు వచ్చాయి. కానీ మొదటిసారి ట్రిగ్గర్ నొక్కాక రెండోసారి ఎంత నొక్కినా కదలలేదు. పాడైందని అనుకున్నాను, ఆయన ముఖం చిన్నబోయింది. తరువాత దారం కట్టి కొట్టాను. గిత్త గారూ, గంట కాదు, కుండే మోగింది.

పలకల_ఊరు

ట్రిగ్గర్ పాడు కాకపోవచ్చు. ఒకే ట్రిగ్గర్ ఉన్న చాలా తుపాకుల్లో మొదటి దెబ్బ వెనక్కి తన్నితేనే లోపలి మీట రెండో గొట్టం వైపు జరుగుతుంది. ఉత్తుత్తి తూటా తన్నదు కదా. మడమను అరచేతితో గట్టిగా తట్టి ఉంటే కదిలేది. పాపం, ఆయనకు ఫోను చేసి ఈ మాట చెప్పండి.

పట్టీ విడవడం మాత్రం నిజమైన జబ్బు. మళ్ళీ అతకాలంటే గొట్టాలు రెండూ విప్పి మొత్తం కొత్తగా చేయాలి. మన వైపు ఆ పని తెలిసిన చేయి దొరకడం కష్టం.

సోమశిల_రైతు

ఫోను చేశాను. తట్టి చూశారట, పనిచేసింది. "నీ మాస్టారుకు నా నమస్కారం చెప్పు" అన్నారు. పట్టీ సంగతి ఆయనకూ ముందే అనుమానమట, కొనేవాడు అడిగితే చెబుదామనుకున్నారట!

తాళ్ళూరు_తమ్ముడు

గొట్టాల లోపల తుప్పు గురించి ఎవరూ రాయలేదు. 2024 ఎన్నికలప్పుడు అందరిలాగే నేనూ తుపాకీ స్టేషనులో అప్పగించాను. తిరిగి ఇచ్చేసరికి నెలలు గడిచాయి. సంచిలో చుట్టి, గోడకు ఆనించి పెట్టారు. లోపల గోధుమరంగు మచ్చలు పడ్డాయి, రెండు చోట్ల గుంటలు. అప్పగించే ముందు లోపల చిక్కని తుపాకీ గ్రీజు పట్టించండి, మూతులకు గుడ్డ మాత్రం కుక్కకండి, తేమ పట్టేది అదే. కొబ్బరినూనె కూడా వద్దు.

కండలేరు_కాలువ

నా గడ్డపారకు ఏమీ కాలేదు. ఊరికే చెబుతున్నాను.

సోమశిల_రైతు

తేల్చేశాను. ఇంటిదే ఉంచుతున్నాను. కానీ చెక్కను మళ్ళీ ముట్టుకోదలచలేదు. నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర తోలు పని చేసే ఒకాయన దగ్గరకు కార్డుబోర్డుతో మడమ నమూనా చేసి పట్టుకెళ్ళాను. ఎద్దు తోలుతో తొడుగు కుట్టాడు, లోపల రెండు పొరల రబ్బరు, పక్కన బూటు లేసులా తాడు. సరిగ్గా ముప్పావు అంగుళం పెంచమన్నాను. తుపాకీకి అంటే మొదట నమ్మలేదు, "కాలు ఏదండీ" అన్నాడు.

తొడిగి చుక్క పరీక్ష చేశాను. ముక్కుకు బొటనవేలు అందలేదు, రెండు వేళ్ళ సందు వచ్చింది. పట్టీ మీదుగా చుక్క కనిపించింది. అయితే బరువు కాస్త వెనక్కి జరిగింది, త్రాసు ఇప్పుడు కీలు దగ్గర కాకుండా వేలెడు వెనక నిలుస్తోంది. గన్‌స్మిత్ గొట్టాలు కొలిచాడు, రెండూ .730. లోపల దీపం పెట్టినట్టు మెరుస్తున్నాయి.

నాన్న కూడా ఒకసారి ఎత్తి చూశారు. "నాకు పొడుగైంది" అన్నారు. తాడు విప్పి తొడుగు తీసి, మళ్ళీ ఎత్తి, తూర్పు గోడ మీద బల్లి వైపు కాసేపు గురిపెట్టి, దించారు. తరువాత తొడుగు తనే తొడిగి, తాడు బిగించి ఇచ్చారు. ముడి కొంచెం వదులుగా వేశారు, నేను సరిచేయలేదు.

పలకల_ఊరు

.729 ముద్ర ఉన్న గొట్టం 60 ఏళ్ళ తరువాత .730 కొలత చూపిందంటే మీ నాన్నగారికి నా దండం. 65 మిల్లీమీటర్ల తూటాలు దొరికితే నాకూ ఒక పెట్టె చెప్పండి.

ఒంగోలు_గిత్త

ఆ తోలాయన చిరునామా వ్యక్తిగత సందేశంలో పంపండి. నాది కూడా తాతగారి కొలతే.